ఇంట్ల మంచిగున్న గిటార్ సౌండు స్టేజీ ఎక్కంగనే ఏడికి పోతది?

నల్గొండల గిటార్ వాయించే పోరగాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒక్కటే. అన్నా నా దగ్గర ముప్పై వేలున్నయ్, ప్రాసెసర్ (రకరకాల గిటార్ సౌండ్లు చేసే డబ్బా) తీస్కోవాల్నా ఆంప్ (గిటార్ సౌండు పెంచే స్పీకర్ డబ్బా) తీస్కోవాల్నా, ఏ కంపెనీది మంచిగుంటది అని. నేను తిరిగి అడుగుతా, మీ బ్యాండ్ల కీబోర్డు ఎవరు వాయిస్తరు, ఆయన ఎడమ చెయ్యితోని ఏం చేస్తడు అని. అవతల కొంచెంసేపు సప్పుడే ఉండదు. నేను గిటార్ గురించి అడిగితే ఈయనేంది కీబోర్డు ముచ్చట తీస్తుండు అనుకుంటరు కావచ్చు. కానీ నాకు చెప్పేటందుకు ఉన్నది గదే. బ్యాండ్ల వాయించేటోడు రిగ్, అంటే గిటార్‌తో పెట్టుకునే సామాను, కొనాలంటే ముందుగాల పక్కనున్నోళ్లను చూడాలె, తర్వాతనే గిటార్‌ని చూడాలె. ఒక్కడివే రూముల కూసోని వాయించుకుంటే అబ్బా అనిపించే సౌండు బ్యాండ్ల కలిసినాక దాదాపు ప్రతిసారి మునిగిపోతది, బ్యాండ్ల సాఫ్‌గ వినబడే సౌండేమో ఒక్కడివే వాయిస్తే పలుచగ, ముక్కుతోని మాట్లాడినట్టు, ఇదేం టోను రా భై అన్నట్టు ఉంటది. ఈ రెండిట్ల దేనికి పైసలు పెడుతున్నమో తెల్వకుండ కొంటే ముప్పై వేలైనా మూడు లక్షలైనా ఫలితం ఒక్కటే.

రూముల మన చెవి మనల్ని ఎట్ల మోసం చేస్తదో మొదలు చెప్తా. 1933ల ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్‌ల పనిచేసేటోళ్లు మనిషి చెవిని కొలిచి ఒక సంగతి చెప్పిండ్రు, సౌండు తక్కువున్నప్పుడు మన చెవికి బేస్ (కింది మందపు సౌండు) సరిగ్గ అందదు, బాగా పైన ఉండే ట్రెబుల్ కూడా అంతే, మధ్యలది మాత్రం మంచిగనే అందుతది. రాత్రి పదింటికి ఇంట్ల అందరు పండుకున్నాక వాల్యూం తగ్గించి ప్యాచ్ (ప్రాసెసర్‌ల దాచుకునే సౌండు సెట్టింగు) చేసుకునేటోడు ఏం చేస్తడు, బేస్ తక్కువైంది అనిపించి పెంచుతడు, మెరుపు లేదనిపించి ట్రెబుల్ పెంచుతడు, మధ్యలది ఎక్కువైనట్టు అనిపించి మిడ్స్ తగ్గిస్తడు. ఇయర్‌ఫోన్‌ల అది సినిమా పాటల లెక్క వినబడుతది. అదే ప్యాచ్ పెద్ద సౌండ్ల పెడితే చెవి ఇప్పుడు బేస్‌ని ట్రెబుల్‌ని కూడా పూర్తిగ అందుకుంటది, అంటే కింద గుయ్యిమని మోగుడు, పైన జర్రుమని గీరుడు, నడుమ ఖాళీ. ఆ నడుమనే గిటార్ ఉండేది, దాన్ని మన చేతులతోని మనమే ఇంట్ల తీసేసి వచ్చినం. అందుకే నేనంటా, స్టేజీ ప్యాచ్‌లు ఇంట్ల రాత్రిపూట చెయ్యొద్దు, చేస్తే కూడా నడుమ మిడ్స్‌ని ముట్టుకోవద్దు.

గిటార్ ఏడ ఉంటదో అంకెలల్ల చూస్తే ఇంకా తెలుస్తది. మందపు తీగ ఖాళీగ మీటితే 82 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు ఊగుడు) చిల్లర, సన్నపు తీగ 22వ ఫ్రెట్టు (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) మీద పట్టుకుంటే 1175 హెర్ట్జ్ దగ్గర, ఆ పైన ఉండేది హార్మోనిక్స్, అంటే అసలు నోటు మీద తేలే పై సౌండ్లు. బేస్ గిటార్ 41 హెర్ట్జ్ నుంచి మొదలైతది. కిక్కు (కాలితోని కొట్టే పెద్ద డ్రమ్ము) దెబ్బ 50 నుంచి 100 లోపట. మగ గొంతు 100 నుంచి మొదలై పైకి పోతది, మాటలల్ల అక్షరాలు సాఫ్‌గ తెలిసేది మాత్రం 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్యల, మన చెవి అన్నిటికన్నా సురుగ్గ ఉండేది కూడా గక్కడనే. ఇగ కీబోర్డు సంగతి ఏంటంటే దానికి హద్దే లేదు, కింది నుంచి పైదాకా ఏడ బుద్ధైతే ఆడ ఉంటది. పల్లెవెలుగు బస్సు లెక్క అనుకోండ్రి, సీట్లు గన్నే ఉంటయ్, బేస్‌కు ఒకటి, కిక్కుకు ఒకటి, పాడేటోళ్లకు ముందట ఒకటి, కీబోర్డాయన నాలుగు సీట్ల మీద తువ్వాల పరిచి పెడతడు, మనం ఎక్కేసరికి ఫుట్‌బోర్డే. ఇప్పుడు నువ్వు బేస్ పెంచి ట్రెబుల్ పెంచి వస్తే కిక్కు సీట్ల ఒక కాలు, సింబల్ (డ్రమ్స్‌ల ఇత్తడి పళ్లెం) సీట్ల ఒక కాలు పెట్టినట్టైతది, ఎవ్వరూ జరగరు, నువ్వు కూసోలేవు.

మా దిక్కు స్టేజీ ఎట్లుంటదో తెల్వనోళ్లకు చెప్పాలె. ఫంక్షన్ హాలు, కింద గ్రానైటు, గోడలు నున్నగ, పైన రేకులో స్లాబో, ఏ సౌండు చేసినా నాలుగుసార్లు తిరిగొస్తది. స్టేజీ మీద నిజం డ్రమ్స్ ఉండుడు అరుదు, ఆక్టోప్యాడ్ (కర్రలతోని కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ డబ్బా) ఉంటది, పక్కన డోలక్, ఇద్దరు పాడేటోళ్లు, నడుమ కీబోర్డు. బేస్ గిటార్ వాయించేటోడు చాలా బ్యాండ్లల్ల ఉండనే ఉండడు, ఆ పని కీబోర్డాయన ఎడమ చెయ్యే చేస్తది. అదొక్కటే అయితే పర్వాలేదు, కీబోర్డుల స్టైల్ (కీబోర్డు తనంతట తానే వాయించే రెడీమేడ్ తోడు) ఆన్ చేసి ఎడమ చెయ్యితోని కార్డ్ (కొన్ని నోట్లు కలిపి) పట్టుకుంటే ఆ స్టైల్ లోపల రిథమ్‌తో పాటు బేస్ ఉంటది, ప్యాడ్ (వెనక సాగే మెత్తటి సౌండు) ఉంటది, కొన్నిట్ల గిటార్ స్ట్రమ్మింగ్ కూడా రెడీమేడ్‌గ ఉంటది. అంటే నువ్వు వేల రూపాయల రిగ్ పెట్టుకోని నిలబడ్డ జాగల ఆల్రెడీ ఒక మిషను గిటార్ వాయిస్తుంది, అది టెంపో తప్పది, శృతి తప్పది, పైగా కీబోర్డాయన వాల్యూం ఫుల్లు. మన సౌండు వినబడ్తలేదని ఆంప్ మీద కోపానికొస్తం, తప్పు ఆంప్‌ది కాదు.

దీనికి మందు రూపాయి ఖర్చు లేనిది. యమహా అరేంజర్ (ఈ స్టైల్‌లు ఉండే) కీబోర్డులల్ల స్టైల్ పార్టులు వేరువేరుగ ఉంటయ్, రిథమ్ 1, రిథమ్ 2, బేస్, కార్డ్ 1, కార్డ్ 2, ప్యాడ్, ఫ్రేజ్ 1, ఫ్రేజ్ 2 అని. వాటిల్ల కార్డ్ 1, కార్డ్ 2 ఆఫ్ చేసి పాట ఒక్కసారి వాయించి చూడండ్రి, ఉన్న గిటార్‌తోనే, ఉన్న ఆంప్‌తోనే, అప్పటిదాక లేని జాగ ఒక్కసారిగ దొరుకుతది. కాకపోతే ఈ ముచ్చట స్టేజీ మీద చెప్తే ఎవడూ వినడు, మనిషి మనసుకు తగులుతది, ప్రాక్టీసుల చాయ్ తాగేటప్పుడు చెప్పాలె, అన్నా ఈ పాటల నడుమ మీరు పైన స్ట్రింగ్స్ పట్టుకోండ్రి, నేను నడుమ చూస్కుంట అని. కీబోర్డాయన వయసుల పెద్దోడే ఉంటడు చాలావరకు, బ్యాండుకు గిరాకీ తెచ్చేది కూడా ఆయనే, గౌరవంగ అడిగితే ఒప్పుకుంటడు. ఒప్పుకోకపోతే అప్పుడు రిగ్ గురించి ఆలోచిద్దాం.

గిటార్ వినబడ్తలేదు అనే ఏడుపు మనతోని మొదలైంది కూడా కాదు. కరెంటు గిటార్ పుట్టిందే ఆ బాధతోని. అమెరికాల 1930లల్ల పెద్ద పెద్ద బ్యాండ్లు, ట్రంపెట్లు శాక్సోఫోన్లు అన్నీ ఒక్కసారి ఊదుతుంటే నడుమ గిటార్ ఉన్నట్టే తెల్వకపోయేది, అట్ల పికప్ (తీగ ఊగుడును కరెంటుగ మార్చే ముక్క) పెట్టిన గిటార్లు వచ్చినయ్, గిబ్సన్ ఈఎస్-150 1936ల వచ్చింది, 1939ల చార్లీ క్రిస్టియన్ అనే గిటారిస్టు బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ల చేరి ఆ గిటార్ మీద ఒక్కొక్క నోటు శాక్సోఫోన్ లెక్క వాయించి చూపిచ్చిండు. ఇది అందరు చెప్పే కథ. నాకు ఎక్కువ ఇష్టం ఇంకొకాయన, ఫ్రెడ్డీ గ్రీన్ అని, కౌంట్ బేసీ బ్యాండ్ల 1937ల చేరి దగ్గర దగ్గర యాభై ఏండ్లు వాయించిండు, ఆంప్ లేకుండ, ఉత్త చెక్క గిటార్ మీద. అంత మంది ఊదుతుంటే ఆయన ఎట్ల నిలబడ్డడంటే ఆరు తీగలు బరబర గీకకుండ నడుమ ఒకటి రెండు తీగల మీదనే కార్డ్ ప్రాణం పెట్టి, ప్రతి బీటుకు పొట్టిగ, గట్టిగ కొట్టేటోడు. బేస్‌కు అడ్డం పోలేదు, ఊదేటోళ్లకు అడ్డం పోలేదు. మనోళ్లు డిస్టార్షన్ (సౌండును గరగరలాడిచ్చుడు) ఫుల్ పెట్టి ఆరు తీగల బారే కార్డ్ (ఒక వేలు తీగలన్నిటి మీద అడ్డం పెట్టి పట్టేది) కొట్టి ఎందుకు బురద అయితుంది అంటరు, డిస్టార్షన్‌ల ఎన్ని తీగలు కలిపితే అన్ని కొత్త సౌండ్లు పుట్టి ఒకదాని మీద ఒకటి పడుతయ్, రెండు తీగలు చాలు, ఎక్కువల ఎక్కువ మూడు. ఇది కూడా రిగ్‌ల భాగమే అని నా వాదన, వేళ్లు కూడా ఈక్యూ (బేస్, మిడ్స్, ట్రెబుల్ సర్దుడు) చేస్తయ్.

సరే, కొనుడు ముచ్చటకొద్దాం. మా దిక్కు స్టేజీలకు ప్రాసెసరే కరెక్టు అంటా నేను, ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతోని నడిచే పాతకాలం తీరు ఆంప్) ప్రేమికులు తిట్టుకున్నా సరే. ఫెండర్ ట్విన్ రివర్బ్ అనే ట్యూబ్ ఆంప్ సౌండు స్వర్గం, కాదన, కానీ 85 వాట్లు, దాదాపు 29 కిలోలు, దాన్ని ఆటోల వేస్కోని మిర్యాలగూడ పోయి, జనరేటర్ కరెంటు మీద పెట్టి, వాల్యూం రెండు దాటనియ్యకుండ వాయించుడు ఏం సుఖం? ట్యూబ్ పోతే బాగుచేసేటోని కోసం హైదరాబాద్ పోవాలె. ఆక్టోప్యాడ్ సౌండు ఎట్లైనా స్పీకర్లల్ల నుంచే వస్తది కాబట్టి స్టేజీ మీద గిటార్ ఆంప్ గొంతు చించుకునే అవసరమే లేదు. చర్చిల నిజం డ్రమ్‌సెట్ ఉన్న కాడ లెక్క వేరు, ఆడ నలభై యాభై వాట్ల మామూలు ఆంప్ ఒకటి ఉంటే మంచిది, వంద వాట్లు అక్కర్లేదు. వాట్లు డబుల్ చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, మన చెవికి డబుల్ సౌండు అనిపియ్యాలంటే 10 డెసిబెల్స్ కావాలె, అంటే పది రెట్ల వాట్లు. యాభైకి వందకు తేడా అంటే రేటుల ఉన్నంత తేడా సౌండ్ల ఉండదు.

ప్రాసెసర్ అన్నంక ఒక్క విషయంల రాజీ పడొద్దు, దాంట్ల క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టె సౌండుకు నకలు) ఉండాలె, స్పీకర్లకు పోయేటప్పుడు అది ఆన్‌ల ఉండాలె. గిటార్ క్యాబినెట్‌ల ఉండే పన్నెండు ఇంచుల స్పీకరు 5 వేల హెర్ట్జ్ దాటినంక దాదాపు మూగబోతది, డిస్టార్షన్‌ల ఉండే గరగర అంతా గక్కడ ఆగిపోతది. ఫంక్షన్ హాల్ బాక్సులల్ల హార్న్ (పై సౌండు పలికే భాగం) ఉంటది, అది 15 వేల దాకా పలుకుతది, ఏం దాచిపెట్టదు. క్యాబ్ ఆఫ్ చేసి డిస్టార్షన్ నేరుగ పంపితే ముందు వరుసల కూసున్న పెద్దమనుషులు చెవులు మూసుకుంటరు. అదే ప్రాసెసర్‌ని ఇంట్ల గిటార్ ఆంప్‌ల పెట్టి వాయిస్తే క్యాబ్ ఆఫ్ చెయ్యాలె, లేకుంటే రెండు స్పీకర్ల గుండ పోయినట్టై సౌండు దుప్పటి కప్పుకుంటది. అందుకే ఇంటికి ఒక ప్యాచ్, స్టేజీకి ఒక ప్యాచ్, పేర్లు సాఫ్‌గ పెట్టుకోవాలె.

ఇగ స్టేజీ ప్యాచ్ ఎట్ల చేస్తరు అంటే, దగ్గర కూసోని చూపిచ్చినట్టు చెప్తా. ఫ్యాక్టరీ ప్యాచ్ ఒకటి తెరువు, షాపుల నిన్ను బోల్తా కొట్టియ్యడానికి చేసినవి అవి, గెయిన్ (గరగర ఎంతుండాలో చెప్పేది) ఎనిమిది ఉంటది, రివర్బ్ (హాల్ల మారుమోత) ఉంటది, డిలే (తిరిగొచ్చే ప్రతిధ్వని) ఉంటది, కోరస్ (ఇద్దరు వాయించినట్టు చేసేది) కూడా ఉండొచ్చు. మొదలు రివర్బ్ ఆపెయ్, హాల్ గోడలు ఫ్రీగ ఇస్తయ్. గెయిన్‌ని సగానికి దించు, ఎందుకంటే గెయిన్ పెరిగినకొద్ది మీటిన దెబ్బకు, తర్వాత మోగే సౌండుకు తేడా పోతది, ఆ దెబ్బే కదా గుంపుల నిన్ను ముందటికి తెచ్చేది. బేస్ ఆరు ఉంటే నాలుగు. మిడ్స్ నాలుగు ఉంటే ఏడు. ఈక్యూల లో కట్ (కింది సౌండును కోసేది) ఉంటే వంద హెర్ట్జ్ దగ్గర పెట్టు, కింది సౌండు పోయిందని బాధపడకు, ఆ జాగ కీబోర్డాయన ఎడమ చెయ్యిది. ఇప్పుడు ఒక్కడివే వాయిస్తే అసహ్యంగ ఉంటది. ఆగు, ముట్టుకోకు. ఫోన్ల పాట పెట్టి దాని మీద వాయించి చూడు, ఫోన్ స్పీకర్ కాదు, పెద్ద స్పీకర్ మీద.

మిడ్స్ అంటే ఎక్కడ అని అడుగుతరు. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే, కాలితోని నొక్కే పచ్చ డబ్బా ఇన్నేండ్లు బతికిందంటే కారణం అదే, అది సుమారు 720 హెర్ట్జ్ కాడ గుట్ట లేపుతది, కిందిది కోస్తది. ఫెండర్ ఆంపులల్ల అదే చుట్టుపక్కల కొంచెం కిందికి గుంత ఉంటది, గుంతల గుట్ట పడి సాపైతది, స్టీవీ రే వాన్ లాంటి గిటారిస్టులు ఆ జోడీతోనే పేరు తెచ్చుకున్నరు. ఒక్కడివే వాయిస్తే ఆ డబ్బా టోన్‌ని పాడుచేసినట్టే అనిపిస్తది, అందుకే షాపుల ట్రై చేసిన పోరగాళ్లు పక్కన పెట్టి దానికన్నా గరగరలాడే మెటల్ పెడల్ కొంటరు. దాదాపు ఏ ప్రాసెసర్‌లనైనా దాని నకలు ఒకటి ఉంటది, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టుకోని సోలోకు నొక్కితే చాలు, వాల్యూం పెడల్‌తోని పని లేదు.

ఇంకోటి, స్టీరియో, అంటే ఎడమ కుడి స్పీకర్లకు వేరువేరు సౌండు. ప్రాసెసర్ అమ్మేటోళ్లు స్టీరియో డిలే, పింగ్ పాంగ్ అని ఊదరగొడతరు, ఇయర్‌ఫోన్‌ల బ్రహ్మాండంగ ఉంటది. మా సౌండ్ సిస్టాలన్నీ మోనో, అంటే అన్ని స్పీకర్లల్ల ఒక్కటే సౌండు. సౌండాయన దగ్గర నీకు దొరికేది ఒక్కటే వైరు, ఒక్కటే ఛానెల్, అది కూడా ఏ డోలక్ మైకో పీకి ఇస్తడు. లెఫ్ట్ మోనో అని రాసున్న జాక్‌ల పెట్టు, ప్యాచ్‌లు కూడా మోనోల విని చేసుకో, లేకుంటే సగం డిలే స్పీకర్‌ల రానే రాదు. సౌండాయనతోని మంచిగుండుడు గూడా రిగ్ ఖర్చులల్లనే రాసుకోవాలె. ఆయన మిక్సర్‌ల మన ఛానెల్‌కు బేస్ ట్రెబుల్ రెండూ లేపి నడుమది దించి పెట్టి ఉంటడు, అన్ని ఛానెళ్లకు అట్లనే పెడతడు, అలవాటు. అన్నా నా ఛానెల్ సీదా పెట్టండ్రి అని సౌండ్‌చెక్‌ల ఒక్క మాట, అంతే, మిక్సర్ మీద చెయ్యి మాత్రం పెట్టొద్దు, పెట్టినవంటే ఇగ రాత్రంతా నువ్వు వినబడవు.

హమ్ (కరెంటు గుయ్యిమనుడు) సంగతి వదిలేస్తే తప్పైతది. పెండ్లి స్టేజీ అంటే సీరియల్ లైట్లు, ఎల్ఈడీ పార్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్, ఎర్తింగ్ దేవుడెరుగు. సింగిల్ కాయిల్ (ఒక్కటే తీగచుట్ట ఉన్న పికప్) గిటార్ ఇవన్నీ పట్టుకోని బుయ్యిమంటది. సెత్ లవర్ అనే ఇంజనీరు గిబ్సన్‌ల 1955ల రెండు కాయిళ్లను ఎదురెదురుగ కలిపి హమ్‌ని చంపే పికప్ చేసిండు, హమ్‌బకర్ అంటే అదే. సౌండు కొంచెం మందంగుంటది గాని మా స్టేజీలకు అదే మేలు. రెండూ కావాలంటే బ్రిడ్జి (తీగలు కట్టే కింది చివర) కాడ హమ్‌బకర్, మిగతా రెండు సింగిల్ కాయిల్ ఉన్న గిటార్ తీస్కోండ్రి, కొత్తగ కొనేటోళ్లకు నేను చెప్పేది అదే. దాంతోపాటు గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైరు ఎర్తును విడదీసే) స్విచ్ ఉన్న ప్యాసివ్ డీఐ బాక్స్ (గిటార్ సౌండును మిక్సర్‌కు కుదిరేటట్టు పంపే డబ్బా) ఒకటి బ్యాగుల పడేసుకుంటే సగం గుయ్యిమనుడు ఆడనే ఆగుతది, కొత్త పెడల్ కన్నా ముందు కొనాల్సింది అది.

జానపదం స్టేజీల మీద, ధూంధాంలల్ల, డప్పు ఉన్నప్పుడు మొత్తం లెక్క మార్చాలె. డప్పు వాయించేటాయన కుడిచేతుల సిర్ర, ఎడమచేతుల చిటికెన పుల్ల పట్టుకుంటడు, సిర్ర దెబ్బ కింద బరువుగ పడితే చిటికెన పుల్ల పైన టక్కుటక్కుమని కోస్తది, ఆ కోతకు మైకు కూడా అవసరం లేదు. మనోళ్లు ఫంక్ (అమెరికా డాన్సు సంగీతం) లెక్క తీగలు మూసి చకచక గీకుతరు కదా, అది సరిగ్గ చిటికెన పుల్ల జాగల పడుతది, రెండూ కలిసి చప్పుడైతయ్, పాట మాట తెల్వదు. డప్పు ఉన్న కాడ నేనైతే గీకుడు బందుపెట్టి, గెయిన్ లేకుండ, మూడు తీగల కార్డ్‌ని పొడుగ్గ మోగనిస్తా, లేదంటే పల్లవికి పల్లవికి నడుమ పాట వరసనే రెండు ముక్కలు వాయిస్తా. డప్పుతోని పోటీ పడే రిగ్ ఇప్పటిదాక ఎవరూ తయారు చెయ్యలేదు, చెయ్యొద్దు కూడా.

ఆంప్ వాడేటోళ్లకు ఒక ముచ్చట. పన్నెండు ఇంచుల స్పీకర్ పై సౌండుని టార్చి లైటు లెక్క సీదా ముందటికి కొడతది. నేల మీద పెడితే నీ పిక్కలకు వినబడుతది, నీ చెవికి కాదు, నువ్వేమో ట్రెబుల్ తక్కువైందని పెంచుతవ్, పది అడుగుల దూరంల కూసున్నోని చెవుల్ల సూదులు గుచ్చుతయ్. కుర్చీ మీద పెట్టు, లేకుంటే వెనక్కి వంచి పెట్టు. ఖర్చు లేదు.

షాపులల్ల విని కొనుడు అనే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు, కోఠిల అయినా సికింద్రాబాద్‌ల అయినా చిన్న ఏసీ రూముల, మెత్తటి గోడల నడుమ, ఖరీదైన ఆంప్‌ల పెట్టి వినిపిస్తే అన్నీ మంచిగనే ఉంటయ్. పోవాలంటే నీ గిటారే పట్టుకపో, ఫోన్ల నీ బ్యాండ్ ప్రాక్టీసు రికార్డింగు పట్టుకపో, అది పెద్ద స్పీకర్ల పెట్టమని అడిగి దాని మీద వాయించు. మూడు పాటల తర్వాత కూడా నీ చెయ్యి నీకు వినబడితే ఆ డబ్బా పనికొస్తది. పాతది కొంటుంటే ఫుట్‌స్విచ్‌లు ఒక్కొక్కటి పది సార్లు తొక్కి చూడు, రెండుసార్లు పడుతుంటే స్విచ్ పోతున్నట్టే, అడాప్టర్ చాలావాటికి ఉన్నట్టు 9 వోల్టులదేనా, సెంటర్ నెగెటివా (పిన్ను నడుమ మైనస్ ఉండుడు), దాంతోపాటు ఇచ్చిందేనా అని కూడా చూడు. వీలైతే కీబోర్డాయనను తోల్కపో, షాపుల కీబోర్డులు ఎట్లనూ ఉంటయ్, ఆయన ఎడమ చెయ్యితోని స్టైల్ పట్టుకుంటే నువ్వు దాని మీద వాయించు. షాపాయన కొంచెం చికాకు పడ్తడు, పడనీ.